‘ఏమీ తేవద్దు’ అన్న ఇంటికి ఏం పట్టుకెళ్లాలి?

ప్రశ్న: మాది అనంతపురం జిల్లా. ఉద్యోగం మీద విశాఖపట్నం వచ్చి ఆరు నెలలైంది, గాజువాకలో ఉంటున్నాం. మా సెక్షన్ పెద్దాయన వచ్చే శనివారం రాత్రి ఎనిమిదింటికి మా ఇద్దర్నీ ఎంవీపీ కాలనీలో వాళ్లింటికి భోజనానికి పిలిచారు. ‘ఏమీ తేవద్దు, ఊరికే రండి’ అని రెండుసార్లు చెప్పారు. ఇంట్లో ఆయన, ఆవిడ, తొమ్మిదేళ్ల బాబు, నాలుగేళ్ల పాప, షుగరున్న వాళ్లమ్మగారు ఉంటారు. నాన్నగారు లేరు. నేను కిలో స్వీట్లు కొందామంటున్నాను. మా ఆవిడ పూలు, పళ్లు అంటోంది. ఆఫీసులో ఒకతను మంచి సీసా ఒకటి పట్టుకెళ్లమన్నాడు. ఏడొందల దాకా పెట్టగలం. వెళ్లేది బండి మీద. ఏం తీసుకెళ్తే బాగుంటుంది?
– ఒక పాఠకుడు, గాజువాక

సమాధానం: ‘ఏమీ తేవద్దు’ అనడం మర్యాదే అయినా అందులో సగం నిజం ఉంది. పిలిచిన ఇల్లాలు ఆ సాయంత్రం ఆరింటికే ఏది ఏ గిన్నెలో పెట్టాలో, ఏది ముందు వడ్డించాలో లెక్క వేసుకుని ఉంటుంది. ఆ లెక్కలో లేనిది గుమ్మం దాటి లోపలికొచ్చిందంటే దానికి ఫ్రిజ్‌లో చోటు చూడాలి, లేదా విప్పి అందరికీ పంచాలి, లేదా తనే చేసిన తీపి పక్కన దాన్నీ వడ్డించాలి. అందుకని మీరు తీసుకెళ్లేదాన్ని ఆ రాత్రి విప్పే పని, వడ్డించే పని ఆవిడకి పడకూడదు. ఈ ఒక్క కొలతతో చూస్తే మీ ముగ్గురి సలహాల్లో మీ ఆవిడ మాటే సరైనదానికి దగ్గరగా ఉంది. అందులోనూ కొన్ని మెలికలున్నాయి.

ముందు సీసా సంగతి. మొదటిసారి వెళ్తున్నారు, పిలిచింది పై అధికారి, ఇంట్లో పెద్దావిడ ఉన్నారు, పైగా కార్తీక మాసం, శనివారం. ఇంకేం చెప్పాలి? ఆయన తాగుతారని మీకు రూఢిగా తెలిసినా సరే, ఆ సంచి బండి ఎక్కకూడదు.

స్వీట్ల దగ్గర కాస్త ఆగుదాం, ఎక్కువమంది కాలు జారేది ఇక్కడే. దీపావళి వెళ్లి ఎన్నో రోజులు కాలేదు. ఈ రోజుల్లో ఏ ఇంటి ఫ్రిజ్ తలుపు తీసినా సగం ఖాళీ అయిన మిఠాయి పెట్టెలు రెండు మూడు కనిపిస్తాయి. వాటి పక్కకి మీ కిలో పెట్టె చేరితే అది సోమవారం పనమ్మాయి చేతికి వెళ్తుంది. ఇంట్లో షుగరున్న మనిషి ఉంటే ఇంకో చిక్కు. ఆవిడ ముందు పెట్టె విప్పితే ఒక ముక్కైనా తీసుకోమని ఎవరో ఒకరు బలవంతపెడతారు, కాదంటే మీరు చిన్నబుచ్చుకుంటారేమోనని ఆవిడ మొహమాటపడతారు. ‘షుగర్ ఫ్రీ’ అని రాసున్న పెట్టె కొంటే సరిపోతుందనుకోవద్దు. చక్కెర తీసేసినా అందులో కోవా, పిండి, నెయ్యి అలాగే ఉంటాయి. పైగా అది ఇంట్లో ఒకరి జబ్బును నలుగురి ముందూ గుర్తుచేసే పెట్టె.

స్వీటు లేకుండా వెళ్లడం మీ మనసుకి ఎంతకీ ఒప్పకపోతే పావుకిలో చాలు, అదీ నిలవుండే రకం. కాజూ కట్లీ గానీ, మాడుగుల హల్వా గానీ. గోధుమ పాలను పంచదారతో, నెయ్యితో గంటల తరబడి కలియబెట్టి చేస్తారు కాబట్టి ఆ హల్వాలో తడి బాగా తక్కువ, బయటే నిలవుంటుంది. ఫ్రిజ్‌లో పెడితేనే నెయ్యి పేరుకుని గట్టిపడుతుంది, ఆ మాట ఇచ్చేటప్పుడే చెప్పండి. పాలకోవా, రసమలై లాంటివి అసలు వద్దు, అవి వెంటనే ఫ్రిజ్ అడుగుతాయి. గోదావరి నుంచి వచ్చే పూతరేకులు చూడముచ్చటగా ఉంటాయి గానీ ఈ ఊరి గాలికి ఓర్చవు. బియ్యపు రేకు సముద్రపు తేమ పీల్చుకుని గంటా రెండు గంటల్లో మెత్తబడి పంటికి సాగుతుంది. ఏది కొన్నా ట్రే దగ్గర తేదీ చూడండి. విడిగా అమ్మే మిఠాయిల దగ్గర కూడా ఎప్పటిలోపు తినాలో రాసి పెట్టాలని 2020 అక్టోబరు 1 నుంచి నిబంధన ఉంది. రాయని దుకాణమైతే పక్క దుకాణానికి వెళ్లండి. ఆఫీసులో మీకొచ్చిన దీపావళి డ్రైఫ్రూట్ పెట్టెని మాత్రం మళ్లీ ప్యాక్ చేయించొద్దు. అలాంటిదే ఆయన బల్ల మీదికీ వచ్చి ఉంటుంది, చూడగానే గుర్తుపడతారు.

కేక్ ఆలోచన ఉంటే అదీ మానేయండి. మామూలు కేక్‌లో గుడ్డు ఉంటుంది. కార్తీకంలో, శనివారం పూట, పెద్దావిడ మడి పాటించే మనిషైతే ఆ ఇంట్లో అది ఏ అరలోనూ ఇమడదు. పిల్లల కోసం చాక్లెట్లు కొన్నా కవరు మీద ఆకుపచ్చ చుక్క ఉందో, గోధుమరంగు త్రికోణం ఉందో చూసి కొనండి. గుడ్డు కలిసినవాటికీ ఆ త్రికోణమే వేస్తారు.

ఇక తీసుకెళ్లాల్సిన వాటికొద్దాం. మీరు ఈ ఊళ్లో దొరికేది కొని ఈ ఊరివాళ్లకే ఇవ్వడం కంటే, మీ ఊరిది ఒకటి మీ చేతులతో చేసివ్వడం మేలు. అనంతపురం వాళ్లింట్లో చెనిగ్గింజల పొడి లేకుండా ఉండదు. ఇక్కడివాళ్లు వేరుశెనగ గుళ్లు అంటారు, పొడులూ కొడతారు, కానీ మీ వైపు రుచి వేరు. దాన్ని ఆ రాత్రి విప్పక్కర్లేదు. తీపి కాదు, ఫ్రిజ్ అడగదు, మర్నాడు ఇడ్లీలోకో వేడన్నంలో నెయ్యితోనో పనికొస్తుంది. ఒకే షరతు: మీరు అలవాటుగా వేసే వెల్లుల్లి ఈసారి మానేయండి. కార్తీకం నెలంతా ఉల్లి, వెల్లుల్లి ముట్టని ఇళ్లు ఇక్కడ చాలా ఉన్నాయి. ఆ పెద్దావిడ అలా ఉంటే మీ పొడి నెల తిరిగేదాకా అలమారలో కూర్చుంటుంది. వేరుశెనగ పడనివాళ్లు ఉంటారు కాబట్టి పిల్లల సంగతి ముందే అడిగి తెలుసుకోండి.

పావుకిలో గింజలు, ఎనిమిది ఎండుమిరపకాయలు, టీస్పూను జీలకర్ర, టీస్పూను నిండుగా ఉప్పు. మీ ఇంట్లో పదిహేను మిరపకాయలు పడతాయేమో, ఇక్కడ ఎనిమిదితో ఆపండి, నాలుగేళ్ల పాప ఉంది. అడుగు మందంగా ఉన్న మూకుట్లో సన్నసెగ మీద పన్నెండు నుంచి పదిహేను నిమిషాలు కలుపుతూ వేయించాలి. పొట్టు చిటపటమని పగలడం మొదలయ్యాక ఒక గింజ తీసి రెండుగా విరిచి చూడండి. లోపల తెల్లగా ఉంటే పచ్చి, లేత బంగారు రంగు వస్తే దించేయాలి. పెద్ద మంట మీద తొందరపడితే పైన మాడి లోపల పచ్చిగా ఉంటుంది, ఆ పొడి చేదుగానూ ఉంటుంది, త్వరగా ముక్క వాసనా వేస్తుంది. పళ్లెంలో పరిచి అరగంటైనా ఆరనివ్వండి. చాలామందికి చెడేది ఇక్కడే: గోరువెచ్చగా ఉండగానే మిక్సీలో వేస్తే నూనె వదిలి ముద్దవుతుంది. అలాగని రాత్రంతా ఆరబెట్టొద్దు, ఈ ఊరి తేమకి గింజ మెత్తబడిపోతుంది. చల్లారగానే పొట్టు నలిపి చెరిగేసి, విడిగా వేయించిన మిరపకాయల్ని జీలకర్ర, ఉప్పుతో ముందు మెత్తగా కొట్టి, తర్వాత గింజలు వేసి మూడు నాలుగు సెకన్లు తిప్పి ఆపడం, గరిటెతో కలపడం, మళ్లీ తిప్పడం. రవ్వ కంటే కొంచెం మెత్తగా అయ్యాక ఆపేయాలి. చింతపండు వేయొద్దు, తడి పట్టేది దానివల్లే.

అరలీటరు గాజు సీసా ఒకటి ముందురోజే కడిగి, ఎండలో బోర్లించి, లోపల చుక్క తడి లేదని చూసి నింపండి. ఇదీ సీసానే, మీ స్నేహితుడు చెప్పినది కాదు. మూత మీద చిన్న కాగితం అతికించి ‘వేరుశెనగ పొడి, వెల్లుల్లి లేదు’ అని, చేసిన తేదీ రాయండి. పదిహేను రోజులు బాగుంటుంది. అమ్మమ్మ నాటి జాడీలో పోసివ్వొద్దు, మామూలు సీసా చాలు. తెలుగువాళ్ల ఇళ్లలో వచ్చిన గిన్నెను ఖాళీగా తిప్పి పంపరు. మంచి జాడీ ఇస్తే అందులో ఏం పోసి పంపాలా అని ఆవిడకి ఇంకో పని పెట్టినట్టు. ‘సీసా ఉంచేసుకోండి’ అని మీరే చెప్పేయండి. పెద్దావిడకి మడి ఉంటే బయటివాళ్లు చేసినది ముట్టకపోవచ్చు, అది మీకు పట్టింపు కాకూడదు. ఆవిడ కోసం పళ్లు ఉన్నాయి.

పళ్లలో జామ, చక్కెరకేళి. ఈ నెలల్లో జామ బాగుంటుంది, షుగరున్నవాళ్లు కూడా కొద్దిగా తినగలిగేది. కిలో తీసుకోండి. లేతాకుపచ్చ నుంచి పసుపులోకి తిరుగుతున్నవి, చేతికి బరువుగా ఉన్నవి, తొడిమ వాడనివి ఏరండి. తొడిమకు ఎదుటివైపు మెత్తగా, నల్లగా ఉంటే లోపల పురుగుండే అవకాశం ఎక్కువ. చక్కెరకేళి ఒక డజను, ఇంకా పూర్తిగా మెత్తబడని అత్తం. ఆదివారం పూజలోకి పనికొస్తుంది. ఇప్పుడు ఏ జంక్షన్ దగ్గర చూసినా మన్యం సీతాఫలాలే కాబట్టి చెయ్యి అటే పోతుంది. ఈసారికి వద్దు. పండినవి బండి కుదుపుకి సంచిలోనే విచ్చుకుంటాయి. కాయలు కొంటే వాటిని ఫ్రిజ్‌లో పెట్టకూడదని చెప్పాలి, లేకపోతే పండకుండానే నల్లబడతాయి. తీపి కూడా ఎక్కువ. మెరిసే కాగితం చుట్టిన పళ్లబుట్టల జోలికి అసలు వెళ్లొద్దు, కింద గడ్డి, మధ్యలో వాడిన బత్తాయి, పైన మైనం పూసిన యాపిల్. అందులో సగం డబ్బు బుట్టకే.

పూల విషయంలో మీ ఆవిడ మాట నిజం. అయితే గుత్తులుగా కట్టిన గులాబీల బొకే వద్దు. దాన్ని నీళ్లలో పెట్టడానికి పూలకూజా వెతుక్కోవాలి, ఆవిడ చేతిలో గరిటె ఉన్నప్పుడు. కార్తీకంలో మల్లెలకు కాలం కాదు, దొరికినవి ప్రియం. కనకాంబరం, మరువం కలిపి కట్టిన దండ తీసుకోండి. వాసన మరువానిది, నిలవ కనకాంబరానిది, మర్నాటికీ వాడదు. మూర అంటే మోచేతి నుంచి నడిమివేలి కొస దాకా. కొలిచేటప్పుడు దండని లాగి పట్టుకుంటే ముడికీ ముడికీ మధ్య దారం కనిపిస్తుంది. అలా కనిపిస్తే అది మూర కాదు, ముప్పావు మూర. పూర్ణామార్కెట్ దాకా వెళ్లక్కర్లేదు, గాజువాకలో సాయంత్రం అప్పుడే కట్టినవి దొరుకుతాయి. అరిటాకులో చుట్టించి ఆకు మీద కాసిన్ని నీళ్లు చల్లించండి. పాలిథిన్ కవర్లో నీళ్లు పోసి మూతి కడితే లోపల ఆవిరి పట్టి నల్లబడతాయి.

మూడు మూరలు కొనండి. ఎందుకంటే ఆ ఇంట్లో పెద్దావిడకి భర్త లేరన్నారు. కొన్ని ఇళ్లలో ఆవిడకి పూలు ఇవ్వరు, కొన్ని ఇళ్లలో ఆ పట్టింపు ఏనాడో పోయింది. పోవడమే మంచిది గానీ, మొదటిసారి వచ్చిన అతిథి గుమ్మంలో నిలబడి తేల్చే విషయం కాదు. కోడలికి రెండు మూరలిచ్చి అత్తగారి వైపు చూడకుండా తిరిగితే బాగుండదు, ఇద్దామని చెయ్యి చాపితే ఆవిడ వెనక్కి తగ్గితే ఇంకా బాగుండదు. అందుకని మొత్తం ఒకే పొట్లంగా ‘దేవుడికీ, మీకూ’ అని ఇవ్వండి. ఎవరికెంతో వాళ్లే పంచుకుంటారు. పూలు మీ ఆవిడే ఇవ్వాలి, మీరు కాదు. తలలో పెట్టుకునే పూలు పరాయి మగవాడి చేతి నుంచి అందుకోవడం ఇక్కడ చాలామందికి ఇబ్బంది.

పిల్లలకి ఏటికొప్పాక లక్క బొంగరాలు రెండు, రెండూ ఒకే సైజు, ఒకే రంగు. రంగు తేడా వస్తే భోజనం అయ్యేదాకా దెబ్బలాటే. అంకుడు కర్రని లక్కతో నున్నగా చేస్తారు, కొసలు గుచ్చుకోని మొద్దు రకం ఏరండి. 2017లో వాటికి భౌగోళిక గుర్తింపు (జీఐ) వచ్చింది, నకిలీలూ ఉన్నాయి. నఖంతో గీస్తే పొరలుగా రాలే రంగు లక్క కాదు, మామూలు పెయింటు. అవి దొరక్కపోతే రెండు రంగు పెన్సిళ్ల పెట్టెలు, అవీ ఒకే రకం.

పొడి, పళ్లు, పూలు, బొంగరాలు కలిపినా మీరనుకున్న ఏడొందలు దాటవు. దాటనివ్వకండి కూడా. మీ పైన సంతకం పెట్టే మనిషికి ఖరీదైన వస్తువు ఇస్తే ఆయన తీసుకోలేరు, వద్దనలేరు. రేపు మీ ఇంటికొచ్చినప్పుడు అంతా తేవాలన్న బరువు కూడా ఆయన మీదే పడుతుంది.

వీటన్నిటికంటే ముందు పంపాల్సింది ఒకటుంది, అది కబురు. గురువారం లోపు ఆయనకి ఫోన్లో చెప్పండి: ‘సార్, మేమిద్దరమే వస్తున్నాం. మాకోసం ప్రత్యేకంగా ఏం వండించొద్దు, మీ ఇంట్లో ఏది ఉంటే అదే తింటాం.’ మీలో ఎవరికైనా ఏదైనా పడకపోతే అదీ అప్పుడే చెప్పాలి, విస్తరి ముందు కాదు. కార్తీక శనివారం కదా అని ఆవిడ మాంసం మానేసి ఉంటే, మీకోసం వేరే పొయ్యి వెలిగించాలా అన్న సందేహం ఈ ఒక్క మాటతో తీరుతుంది. పిల్లలకి వేరుశెనగ పడుతుందో లేదో కూడా ఇదే ఫోన్లో అడగొచ్చు. ఇంటి నుంచి కూర వండుకెళ్లే ఆలోచన మాత్రం వద్దు, ఆవిడ వంటకి అది పోటీ అవుతుంది.

బండి మీద కాబట్టి సీసాని తువ్వాల్లో చుట్టి గుడ్డ సంచిలో అడుగున, దాని పక్కన జామ, పైన అరటి అత్తం, అన్నిటికంటే పైన పూల పొట్లం. డిక్కీలో వేడి ఉంటుంది, పూలు అందులో పెట్టొద్దు. గాజువాక నుంచి ఎంవీపీకి శనివారం సాయంత్రం ఎన్ఏడీ, మద్దిలపాలెం కూడళ్లు దాటాలి, ఏడింటికి ముందే బయల్దేరండి. ఎనిమిదికి పది నిమిషాల తర్వాత చేరినా ఫరవాలేదు, ముందే చేరడమే ఇబ్బంది.

లోపలికి వెళ్లిన ఐదు నిమిషాల్లో ఇచ్చేయండి. టీపాయ్ మీద చడీచప్పుడు లేకుండా పెట్టి కూర్చుంటే ఎవరు తెచ్చారో, ఎందుకో తెలియదు. ధర చీటీలు పీకేసి, రెండు చేతులతో మీ ఆవిడ ఇల్లాలికి అందించి, ‘మా ఊరి పొడి అండీ, ఇవాళ తీయక్కర్లేదు, రేపెప్పుడైనా’ అంటే చాలు. ఆ ‘ఇవాళ తీయక్కర్లేదు’ అన్న మాట మర్చిపోవద్దు, ఆవిడ గుండె మీద చెయ్యి వేసుకునేది ఆ మాటకే. పెద్దావిడని ‘మామ్మగారూ’ అని పిలిస్తే ఇటువైపు సరిపోతుంది, పళ్లు ఆవిడ చేతికే ఇప్పించండి.

వెళ్లొచ్చేటప్పుడు మీ ఆవిడకి బొట్టు పెట్టి, తాంబూలంతో రవికల గుడ్డ ఇస్తారేమో. ‘అయ్యో, ఎందుకండీ’ అని ఒకసారి అనొచ్చు, రెండోసారి అనకుండా పుచ్చుకోవాలి. మర్నాడు పొద్దున్నే ఆయనకి కాకుండా, వీలైతే మీ ఆవిడ ఆవిడకే ఫోన్ చేసి ఏ కూర బాగుందో పేరు పెట్టి చెప్పమనండి.

తిరిగి వాళ్లని పిలవడానికి మరీ ఆలస్యం చేయొద్దు, అయితే కార్తీకం వెళ్లనివ్వండి. ఆ తర్వాత వచ్చే మార్గశిరంలో మీకు కొత్తగా తెలిసే సంగతి ఒకటుంది. ఇక్కడ గురువారాన్ని లక్ష్మివారం అంటారు, మార్గశిర లక్ష్మివారాలు బురుజుపేట కనకమహాలక్ష్మి అమ్మవారికి ప్రత్యేకం. చాలా ఇళ్లలో ఆడవాళ్లు ఆ రోజు నోములు, పూజల్లో ఉంటారు. ఆ గురువారాలూ, వాటి ముందు రాత్రులూ వదిలేసి ఏదైనా ఆదివారం మధ్యాహ్నానికి పిలవండి.